దారి అడగని ఫారం

తెల్లవారుజామున బాయిలర్ పేలి చనిపోయిన గొర్లె పైడిరాజు, నిబంధన ప్రకారం జిల్లా ఎంట్రోపీ కార్యాలయానికి స్వయంగా వచ్చి, ఒళ్ళు చల్లారేదాకా బల్ల మీద కూర్చున్నాడు. ఎవరు పోయినా లోకంలో కలగాపులగం కొంత పెరుగుతుంది. ఎంత పెరిగిందో లెక్క తేలి, పోయినవాడు సంతకం పెడితేగాని దహనానికి అనుమతి రాదు.

పదిన్నరకి పిలుపొచ్చింది. అతని తొందర దహనం గురించి కాదు. పదకొండింటికి రెండో బాయిలర్ వెలిగిస్తారు. పేలినదానికి లాగే దాని సేఫ్టీ వాల్వుకీ ఇనుప తీగ చుట్టి ఉంది. అక్కడ డ్యూటీ తమ్ముడు సూరప్పడిది. ఈలోగా తీగ మాట కాగితమెక్కితే బాయిలర్ ఆగుతుంది.

"బరువు?" గుమస్తా వసుంధర తలెత్తకుండా అడిగింది.

"అరవై రెండు కేజీలండి."

"మొదట ముప్ఫై ఏడు డిగ్రీలు. ఇప్పుడు?"

అటెండరు థర్మామీటరు చూసి ముప్ఫై అన్నాడు.

"మద్దెలో నూట ఎనభై తగిలిందండి. ఆవిరి పోకండా వాల్వుకి తీగ కట్టీసినారు. వద్దంటే ఇనుకోలేదు."

"మధ్యలో సంగతి అక్కర్లేదండీ. ఎంట్రోపీకి మొదలూ చివరా చాలు. ఏ దారిన వచ్చారన్నది లెక్కలోకి రాదు."

"ఆ దారే కదండి నన్ను సంపింది."

"ఫారంలో దారికి గడి లేదు."

పేలుడుకి సూత్రం పనిచేయదు కనక, మెత్తటి దారి ఒకటి ఊహించి లెక్క కట్టాలని రూలు. ఆమె రాసింది: 'సదరు పైడిరాజు ఏ కుదుపూ లేకుండా, అడుగడుగునా సమతాస్థితిలో ఉంటూ, నెమ్మదిగా చల్లారెను.'

"ఇలాగ జరగలేదండి."

"ఎవరికీ జరగదు. రాయడం మాత్రం ఇలాగే."

అతనిలో తగ్గినదీ, గదిలో పెరిగినదీ కలిపితే, లోకానికి నికరంగా పెరిగింది కెల్విన్‌కి యాభై ఏడు జౌల్స్. ఆమె రెండుసార్లు సరిచూసింది. లెక్కలో తప్పు లేదు.

పైడిరాజు కలం ముట్టుకోలేదు. "తీగ మాట ఒక్క ముక్క రాయండమ్మా. మా తమ్ముడున్నాడక్కడ."

పదకొండూ అయిదుకి కిటికీ అద్దాలు అదిరాయి. అటెండరు కొత్త ఫారం తీసి పెట్టాడు. పైడిరాజు కాసేపు ఆ ఫారం వంక చూసి, తన దాని మీద సంతకం పెట్టాడు.

బయటికొచ్చేసరికి బల్ల మీద సూరప్పడు కూర్చుని ఉన్నాడు. జుట్టులోంచి ఇంకా ఆవిరి లేస్తోంది.

"అన్నా, తీగ సంగతి సెప్పినావా?"

"సెప్పినాన్రా." పైడిరాజు పక్కన కూర్చున్నాడు. "నువ్వు ముందు సల్లారు. నీ బరువెంతో గుర్తుందా?"