ఉప్పు చూడని ఆదివారము

పేగులతో సహా సకల అవయవములను సృజించి, వాటిలో ఏది ఎప్పుడు మొరాయించునో మాకు ముందుగా తెలియజేయని పరమ తండ్రికి నమస్కరించి, పందొమ్మిది వందల తొంభై ఆరవ సంవత్సరమున, వంగదేశమందలి ఖరగ్‌పూరు రైలుపురమున, కోతపండుగ ఆదివారము నాడు, మా తెలుగు సంఘపు గుడి వెనుక జరిగిన మహాసంగ్రామమును విన్నవించెదను.

వీరుని పేరు జ్ఞానప్రకాశము. వర్క్‌షాపున ఫిట్టరు, గజకుంభసమానోదరుడు, ఇరువది రెండేండ్లుగా ప్రేమవిందున మాంసపు డేగిసాకు ఉప్పు చూచు లవణపరీక్షాధురంధరుడు. ఆయన నాలుక తగలనిదే వడ్డన లేదు. ఆయన చూడనన్నచో విందు కమిటీపై అలిగెనని అర్థము. అలిగిన పెద్దను బతిమాలనిదే ఎవ్వరును విస్తరి ముందు కూర్చుండరాదు. ఇది మా ఆచారము. ఏ వాక్యమందున్నదో నేనెరుగను.

పండుగకు ముందటి బుధవారమే డాక్టరు వీరుని నడుముకు టేపు చుట్టి, అది చాలక నిట్టూర్చెను.

"సుగరు, బీపీ, ఇంత పొట్ట కలిసినవాళ్ళలో పెద్దపేగు కాన్సరు కాస్త ఎక్కువని ఇప్పుడు అంటున్నారు. నీకు ఉందని కాదు. మీ అన్నకు వచ్చింది కాబట్టి చూద్దాం. మూడు రోజులు మాంసం మాని, సోమవారం ఈ డబ్బాలో మలం తీసుకురా. మాంసం తింటే అందులో కనబడే రక్తం నీదో మేకదో తెలీదు."

అన్న రిచర్డుకును అదే పొట్ట, అదే సుగరు. రెండేండ్లు మొలలని చెప్పుకొని, ఎవరికిని చూపక, సమాధుల తోటకు వెళ్ళెను. కనుకనే వీరపత్ని ఎలీసమ్మ గురువారము నుండి వంటింటి ద్వారమున కావలి నిలిచెను.

"దేవుడిచ్చిన ఒళ్ళు దేవుడే సూసుకుంటాడే," అనెను వీరుడు.

"అయితే సుగరు మాత్రలేటికి మింగుతున్నారు? అవీ ఆయన్నే మింగమనండి."



ఆదివారము వచ్చెను. మసాలా గంధము పూరీ గేటను రైలు గేటు దాక దండెత్తెను. కమిటీ సేనాని ఆర్థరు, ఉదరమున వీరునికి ఏమాత్రము తీసిపోనివాడు, గరిటను గదవలె ఎత్తి వచ్చెను.

"బావా, ఉప్పు సూడు."

"ఈసారి నువ్వే సూసుకో."

మూడు వందల మెడలు ఇటు తిరిగెను.

"ఏటైంది బావా? కుర్సీ ఎనక్కేసినామనా? ఠీక్ హై, ముందుకేస్తాం."

"కుర్సీ కాదురా."

"మరి మైకులో నీ పేరు సదవలేదనా?"

"సదవలేదా?" అని వీరుడు అప్పుడే తెలిసికొని చింతించెను.

గరిట ముక్కు క్రిందికి వచ్చెను. అందు కొవ్వు బంగారు వలయములై తేలుచుండెను. వీరుని సంకల్పము సడలెను.

"నాలిక మీదేసి ఊసేస్తానే," అనెను భార్యతో మెల్లగా.

"మీ నోట్లోకెల్లిందేదైనా ఏనాడైనా తిరిగొచ్చిందా?"

అంతట వీరుడు బల్లపై కెక్కి, బల్ల మూలుగుచుండగా, సింహనాదము చేసెను:

"సంఘస్థులారా, ఆలకించుడి. నేను అలుగలేదు. మైకు సంగతి తరువాత చూచుకొందును. రేపు నా మలమును పరీక్షకు ఇయ్యవలసియున్నది. అందుచేత మాంసము ముట్టను. మొలలు అనుకొని మా అన్న..." ఇక్కడ ఆయన గ్రంథభాష చెదిరెను. "మా అన్న సిగ్గుపడి సచ్చిపోయినాడు. నేను సిగ్గుపడను."

స్త్రీల వైపున ఒక నవ్వు లేచి, సగములో ఆగిపోయెను. ఉప్పు చూడకనే వడ్డించిరి. ఉప్పు ఎక్కువైనది. అందరును నీళ్ళు త్రాగి త్రాగి తినిరి; వీరుడు పప్పుతో తృప్తుడయ్యెను, లేదా అట్లు నటించెను.

చేతులు కడుగుచుండగా ఆర్థరు వచ్చి కుళాయి పెద్దగా తిప్పి, ఆ చప్పుడు చాటున అడిగెను.

"బావా, ఆ డాట్రు ఏ గదిలో కూకుంటాడు?"

"నీకేటికిరా?"

"ఆరు నెల్లై నాకూ మొలలే అనుకుంటన్నాను."

వీరుడు కుళాయి కట్టివేసెను. "పొద్దున్న ఏడుకి మీ ఇంటికొస్తాను. సిద్ధంగుండు."

సోమవారము, ఎలీసమ్మ పర్యవేక్షణమున, సైకిలు రిక్షా ఒకటి ఆ రెండు ఉదరములను మోయలేక మోయుచు ఆసుపత్రికి చేరెను. ల్యాబు మనిషి డబ్బాను రెండు వేళ్ళతో అందుకొని, ఏడవ నంబరు వేసెను. పరీక్షలో ఏమి తేలునో గురువారమున తెలియును. ఆ దినమునకై మేము ప్రార్థించుచున్నాము.

శ్రోతలారా, ఈ జయమును చాటుడి: మూత ఊడక ఒక డబ్బా కౌంటరుపైకిని, పారిపోక ఒక ఆర్థరు డాక్టరు గది ముందరి బల్లపైకిని చేరెను.