కింది రెక్క మీది నల్లగీత

ఆ ఉదయం గగనమండలం, కొలువుకు ఆలస్యంగా లేచిన మహారాజు వలె, పలచని మబ్బును ముఖం మీదికి లాగుకొని, సూర్యుణ్ణి ఆ ముసుగులోనే దాచి, విస్కాన్సిన్ సీమ చిత్తడినేలల మీద చిరాకుగా వంగి ఉన్నది. ఏటేటా జూలై మొదటి శనివారం జరుగు సీతాకోకచిలుకల లెక్కింపు మహాక్రతువునకు అదే దినము.

చిలుక జాతిని తప్పుగా చెప్పినవారు లెక్కపుస్తకపు పెన్సిలును ఎదుటివారికి అప్పగించవలెననునది హాగెన్ వంశధర్మం. నిరుడు మితభాషి, మొక్కజొన్నచేల ఏలిక ఆర్విడ్ హాగెన్, మోనార్క్ జాతి చిలుకలు మెచ్చు పాలమొక్కపై వాలిన, వాటి పోలికే గల వైస్‌రాయ్‌ను, రెక్క చూడక మొక్క చూచి, మోనార్క్ అనేశాడు. పదకొండేళ్లుగా చెవిపై ధరించిన పెన్సిలు అన్న భార్య థోరా పాలయింది. రెంటిదీ అదే కాషాయవర్ణం, అవే నల్లని ఈనెలు. వైస్‌రాయ్ కింది రెక్కను అడ్డంగా ఖండించు నల్లగీత ఒక్కటే భేదం. ఆ గీతను చూడనివాడు ఏడాది పొడుగునా అద్దంలో తన వట్టి చెవిని చూచుకొన్నాడు.

నేడు కాలువగట్టున, వైస్‌రాయ్‌ల పుట్టినిల్లయిన విల్లో చెట్టు కొమ్మపై, కాషాయాంబరధారియగు చిలుక ఒకటి వాలింది. కింది రెక్కకు ఆకొకటి డాలై నిలిచింది.

"వైస్‌రాయ్. రాసేస్తున్నా" అన్నది థోరా.

"ఆగు వదినా."

"ఏమయ్యా, మళ్లీ నిరుటి కథేనా? విల్లో మీద కూచుంది, ఇంకేం కావాలి నీకు?"

"గీత కనబడనీ."

"నీకు గీత కనబడేసరికి నా బంగాళాదుంపల సలాడ్ పులిసిపోతుంది!"

"పులవనీ."

అంతట ఆ ధీరాగ్రగణ్యుడు మోకాలిబంటి పంకమందు స్తంభమై, మశకసేనాసహస్రము శూలాగ్రములతో కర్ణమూలమును భేదించుచున్నను, చేయెత్తినచో చిలుక ఎగురునని చేయెత్తక నిలిచెను. "ఓ కాషాయపక్షధారీ! నీవు రాజువో, రాజవేషధారివో, నీ రెక్కయే సాక్ష్యమిచ్చుగాక! చెట్టు మాట నేనిక నమ్మను!" అని అతని అంతరాత్మ గర్జించింది. పైకి మాత్రం ఒకసారి ముక్కు ఎగబీల్చాడు.

ఆకు కదలదు. చిలుక కదలదు. ఆర్విడ్ కదలడు.

మబ్బు చీలింది. ఎండ తగలగానే చిలుక కొమ్మ చివరకు నడిచి వచ్చి రెక్కలు పరచింది. ఈనెలున్నవి. అడ్డగీత లేదు.

థోరా దుర్భిణిలో చాలాసేపు చూసింది. "మోనార్కే. దీనికి విల్లో మీదేం పని?"

"అలిసిపోయిందేమో, వదినా."

దుందుభులు మోగలేదు, పూలవాన కురియలేదు. అయినను వినుడు, సకలజనులారా! ఆనాటి మోనార్కులు ఐదు కాదు, ఆరు! థోరా పంటిగాట్లతోనే పెన్సిలు స్వస్థానానికి మరలింది.

ట్రక్కు వెనుక తలుపు దించి, దానిపై ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని, ఇంకా పులవని ఆ సలాడ్‌ను తిన్నారు. దోమకాట్లకు వాచిన చెవి మీద పెన్సిలు సలుపుతూనే ఉన్నది. ఆర్విడ్ దాన్ని తీయలేదు.