బి బ్లాకు విముక్తి సభ

ఇందుమూలంగా తెలియజేయడమేమంటే, ఈ ఆదివారం పటమటలోని ఒక అపార్ట్‌మెంటులో బి బ్లాకు వారు ఎ బ్లాకు పాలన నుంచి స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఇడ్లీలు అందరికీ సరిపోయాయి.

పోరాటానికి మూలం రెండో అంతస్తు సీతారావమ్మ గారి గుమ్మడి వడియాలు. ఎ బ్లాకులో ఉండే వెంకటప్పయ్య గారు రెండు బ్లాకులకూ అధ్యక్షులు. ఏవైనా ఆరబెడితే అందం చెడుతుందని మూడేళ్ల కిందట బి బ్లాకు డాబాకు తాళం వేయించారు. ఆ అందం చూసేది కాకులే అయినా నియమం నియమమే. పైకెక్కాలంటే అర్జీ పెట్టుకోవాలి. అర్జీకి జవాబు "చూద్దాం". బాల్కనీలో పెట్టిన వడియాలు ఏటా బూజు పడుతుంటే ఆవిడకు నిజంగానే ఏడుపొచ్చేది. ఇంతకంటే చిన్న విషయాలకే రాజ్యాలు కూలాయి కనక, ఐదో అంతస్తు కిరీటి నాలుగు పేజీల విముక్తి ప్రకటన తయారుచేశాడు. ఆవిడ తెల్లవారుజామునే పిండి రుబ్బి ఉంచారు. ఇవాళ ఎండ తగలకపోతే పులిసిపోతుంది.

అంత పెద్ద సభకు ముఖ్య అతిథి ఉండాలి కదా! శాలువా కప్పదగ్గ మనిషి బి బ్లాకులో దొరకలేదు. అందుచేత వెంకటప్పయ్య గారినే పిలిచారు. ఆయన గంటన్నర ఆలస్యంగా వచ్చి, ముప్పావుగంట మాట్లాడారు.

"నా నిరంకుశత్వాన్ని ఇంత క్రమశిక్షణతో ఎదిరించడం నాకు గర్వకారణం. నన్ను ధిక్కరించడానికి మీ అందరికీ మనస్ఫూర్తిగా అనుమతి ఇస్తున్నాను!"

చప్పట్లు మోగాయి. తాళం తీయించి ఆయన ఎ బ్లాకుకు వెళ్లిపోయారు. సీతారావమ్మ గారు పిండి బేసిన్ పట్టుకుని మెట్లెక్కారు. డాబా నిండా ఎండ. అడ్డుకునేవాళ్లు లేరు. అయినా గుమ్మం దగ్గర ఆవిడ కాలు ఆగిపోయింది.

"ఎందుకైనా మంచిది, ఎవర్నన్నా ఒక్క మాట అడుగుదామా, కిరీటీ?"

"నేనూ అదే అనుకుంటున్నానండీ."

వెనకున్న స్వతంత్రులందరికీ ప్రాణం లేచొచ్చింది. వెంటనే వెంకటప్పయ్య గారికి ఫోను చేశారు.

"నన్నడుగుతారేంటమ్మా? మీ ఇష్టం!" అని ఆయన ఫోను పెట్టేశారు. ఇంత కఠినంగా ఆయన ఏనాడూ మాట్లాడలేదు.

ఇది రాసే సమయానికి పిండి పొంగుతోంది, బి బ్లాకు మొత్తం మెట్ల మీదే ఉంది. చదువుతున్న మీలో ఎవరైనా "కానివ్వండమ్మా" అంటే చాలు, ఆవిడ గుమ్మం దాటుతారు. కానీ మీరూ "ఉండండి, ఎవర్నన్నా అడిగి చెబుతాం" అంటారేమోనని ఆవిడ భయం.