తలుపెక్కిన బావ

ఆ ఉదయం వడ్రంగి పెట్టుకున్న పని ఒక్కటే. పక్కవీధి దర్జీ ఇంట్లో కొత్త బీరువాకు తలుపు బిగించి భోజనానికి ఇల్లు చేరాలి. బయలుదేరదామని ఇంట్లో తలుపు ఎత్తబోయేసరికి భుజం 'టక్' మంది, ఆ వెంటనే ఛాతీలో కలుక్కుమంది. కొన్నాళ్లుగా వస్తూ పోతూ ఉన్నదే. "అబ్బా" అన్నాడు, అదీ మెల్లగానే. కానీ అతని భార్యవి పాము చెవులు.

"గుండేనా?"

"గుండె టక్కుమంటుందా? భుజమే!"

"మరి ఛాతీ ఎందుకు పట్టుకున్నారు?"

అతను ఛాతీ మీంచి చేయి తీసేలోపే ఆమె తమ్ముడికి ఫోన్ చేసేసింది. ఆ తమ్ముణ్ణి ఇంట్లో అందరూ సగం డాక్టరు అంటారు. మిగతా సగం ఎక్కడుందో ఎవరికీ తెలియదు. మెట్లన్నీ ఎక్కి వచ్చి, గోడకు చేయి ఆన్చి రొప్పుతూనే రోగం తేల్చేశాడు.

"గ్యాస్ అయితే పైకి తంతుంది. గుండె అయితే కీళ్లలోకి దిగుతుంది. ఇది దిగిపోయింది. బావా, కదలకు!"

"కదలకుండా ఆసుపత్రికెలా వెళ్లనురా?"

లిఫ్టు పనిచేయడం లేదు. కుర్చీలో దింపుదామని ఎదురింటి మాస్టారిని అడిగితే, తన కుర్చీ కాలు విరిగి బాగుకోసం వడ్రంగి దగ్గరే పడి ఉందని ఆయన గుర్తుచేశాడు. అప్పుడు అందరి చూపూ తలుపు మీద పడింది.

"వద్దురా! పాలిష్ ఇంకా ఆరలేదు!"

"ప్రాణం కంటే పాలిష్ ఎక్కువా?" అని భార్య భోరుమంది.

వడ్రంగిని తలుపు మీద పడుకోబెట్టి, జారిపోకుండా దుప్పటి చుట్టి కట్టారు. ముందు తమ్ముడు, వెనక మాస్టారు పట్టుకున్నారు. కింది అంతస్తులో ఒకావిడ తలుపు తీసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఎప్పుడు పోయారు?" అంది.

వడ్రంగి తలెత్తి, "ఇంకా లేదండీ" అన్నాడు.

వీధి చివర ఆసుపత్రికి చేరేసరికి తమ్ముడి చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. నర్సు బావాబావమరుదులిద్దరినీ చూసింది. ఒకడు తలుపు మీద పడుకుని పాలిష్ గీసుకుపోతుందని గొడవ పెడుతున్నాడు. రెండోవాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆమె రెండోవాణ్ణి మంచమెక్కించింది.

"నేను కాదు సిస్టర్, పేషెంటు అదిగో, తలుపు మీద!"

"ఛాతీ బరువుగా ఉందా?"

"మెట్లెక్కితే ఎప్పుడూ ఉండేదే. అది గ్యాస్."

నర్సు వైర్లు అంటించి, డాక్టరును కేకేసింది.

వడ్రంగికీ పరీక్షలు చేశారు. గుండె గుండ్రాయిలా ఉంది. డాక్టరు ఛాతీ ఎముక పక్కన వేలితో నొక్కగానే మాత్రం కెవ్వుమన్నాడు.

"పనిలో ఛాతీని దేనికైనా ఆనిస్తారా?"

"బరమాకండీ. చెక్క గట్టిదైతే ఛాతీతోనే నొక్కి రంధ్రం వేస్తాను."

"అందుకే పక్కటెముక అతుకు వాచింది. కొన్నాళ్లు బరమా జోలికి వెళ్లకండి. భుజం చప్పుడైనా దానికి నొప్పేమీ లేదుగా? మోగనివ్వండి."

తమ్ముడి సంగతి అలా తేలలేదు. గుండె రక్తనాళం దాదాపు మూసుకుపోయింది. ఆ సాయంత్రమే దాన్ని తెరిచారు. ఇంకొన్నాళ్లు ఆలస్యమై ఉంటే అని డాక్టరు ఏదో చెప్పబోయి, అక్క మొహం చూసి ఆగిపోయాడు. ఆమె నర్సు రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

"బావా, నీ నొప్పికి దణ్ణం పెట్టాలి. అది రాకపోతే నేను ఆసుపత్రి గడప తొక్కేవాణ్ణా?" అన్నాడు తమ్ముడు నీరసంగా.

"నన్ను మోసి నువ్వు బతికావురా. నాకదే చాలు" అన్నాడు వడ్రంగి. ఆ ఏడుపుగొట్టు నొప్పి మీద అతనికి మొదటిసారి ప్రేమ పుట్టింది.

దర్జీ బీరువాకు మాత్రం ఇంకా తలుపు లేదు. స్ట్రెచర్లు చాలడం లేదని ఆసుపత్రివాళ్లు దాన్ని తిరిగివ్వలేదు.