కొత్తది రేణిగుంట నుంచి వస్తాది

ఆ ఆదివారం పొద్దున మునిలక్ష్మి అనుకున్న పని చాలా చిన్నది. మధ్యాహ్నం భోజనాల వేళకు నడుమింట్లో ఫ్యాను తిరగాలి, అంతే. తిరుపతిలో ఆ పాత మిద్దె కొన్నాక వచ్చిన మొదటి ఎండాకాలం అది. రాత్రంతా విసనకర్ర ఊపుకుంటూ పడుకోవడం ఇక తన వల్ల కాదని మొగుడు ధనంజయకు తేల్చి చెప్పింది. అతనొక ఆఫీసులో గుమాస్తా. పైనుంచి వచ్చిన ఉత్తర్వుకు ఎదురు చెప్పే అలవాటు అతనికి ఆఫీసులోనూ లేదు, ఇంట్లోనూ లేదు.

కొక్కెం దిగ్గొట్టడానికి మేస్త్రీ ఓబయ్య వచ్చాడు. నిచ్చెనెక్కి, దూలానికి ఉలి ఆనించి, సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. ఉలి మొత్తం లోపలికి పోయింది. దాన్ని తీయడానికి చెయ్యి పెడితే చెయ్యి మోచేతి దాకా వెళ్లింది. బయటికి లాగితే చేతినిండా చెదలు.

"ఇది దూలం కాదమ్మా," అన్నాడు ఓబయ్య. "దూలం మాదిరి పూసిన రంగు. లోపల కట్టె లేదు."

"మరి మిద్దెను ఏంది మోస్తా ఉండాది?"

ఓబయ్య పైకీ కిందికీ చూశాడు. "అదే నాకూ తెలీలేదు."

ధనంజయ అప్పటికే గుమ్మం బయట ఉన్నాడు. "బొక్క పూడ్చేసి పైన ఇంకో చెయ్యి రంగేస్తే? ఇన్నాళ్లు నిలబడిందే!"

"తెలిసినాక దీని కింద నువ్వు పండుకుంటావా?" అంది మునిలక్ష్మి. అతను గుమ్మం నుంచి ఇంకో అడుగు వెనక్కి వేశాడు. ఆమె కొంగు నడుముకు చుట్టి బిగించింది. "మార్సేది మార్సేదే. ఓబయ్యా, ఏమేమి కావాల్నో చెప్పు."

సాయంత్రానికి బండెడు సవుకు కట్టెలు, పొడుగాటి సరుగుడు గుంజలు, దిగాయి. సగం కట్టెలు మిద్దె కింద ఊతంగా నిలబెట్టారు. ఇంట్లో సామానంతా వాకిట్లోకి చేరింది కాబట్టి, మిగతావి అక్కడ పాతి పైన కొబ్బరి మట్టలు కప్పారు. పొయ్యి కూడా ఆ నీడకే వచ్చింది. కూలీలకూ కలిపి వండాలని మునిలక్ష్మి అటక మీది పెద్ద గుండిగ దించింది. దూలం కొస బయటికి తీద్దామని గోడ తవ్వితే, పైన సున్నం తప్ప లోపలంతా ఉత్త మట్టి. ఆ మూల పడగొట్టించి ఇటుకతో కట్టించింది. కొత్త మూల అతుకులాగా కనబడుతోందని వీధి గోడకంతా వెల్ల వేయించింది.

ఇవేవీ తెలియని ఎదురింటి పంకజాక్షి మంగళవారం పొద్దున పుట్టింటి నుంచి బస్సు దిగి వచ్చింది. పందిరి చూసింది, వెల్ల చూసింది, గుండిగ చూసింది. ఆ ఇంట్లో పెళ్లీడు పిల్లలు లేరు. అసలు పిల్లలే లేరు.

"ఏమబ్బా ధనంజయా, ఏంది విశేషం?"

ధనంజయ గుంజకు తాడు బిగిస్తున్నాడు. దూలం సంగతి వీధంతా ఎరిగినదే అనుకున్నాడు. "ఏముండాది అక్కా! పాతదానితో ఇంక కాదు. కొత్తది తెస్తా ఉండా."

పంకజాక్షి గుండెల మీద చెయ్యి వేసుకుంది. "పాతదానికి ఏమొచ్చె?"

"పైకి బాగానే ఉండాది. లోపలంతా గుల్ల. తెలీక ఇన్నాళ్లూ నెట్టుకొస్తి."

"మునిలక్ష్మి ఊరుకునిందా?"

"ఊరుకునేదేంది, ఆమే కదా పట్టుబట్టింది! కొత్తది ఎల్లుండి రేణిగుంట నుంచి వస్తాది. బలే గట్టిది."

లోపల నిచ్చెన పట్టుకుని ఉన్న మునిలక్ష్మికి ఈ మాటలన్నీ వినిపించాయి. అందులో ఆమెకు తప్పేమీ తోచలేదు. తన పట్టుదలను మొగుడు పదిమందిలో ఒప్పుకున్నందుకు సంతోషించింది కూడా. పంకజాక్షిదీ ఆమెదీ పెనుమూరు పక్కన ఒకటే పుట్టినూరు. పంకజాక్షి ఇంటి తాళమైనా తీయకుండా మళ్లీ బస్టాండుకు నడిచింది.

గురువారం లారీ వచ్చి, గుమ్మం ముందు టేకు దూలాన్ని దొర్లించి వెళ్లిపోయింది. "పదిమంది లేంది లేచేది కాదమ్మా," అన్నాడు ఓబయ్య. "మేము ముగ్గురమే. పెండ్లిండ్ల కాలం, కూలోళ్లు దొరకలేదు."

"దొరక్కపోతే మనమే ఎత్తుదాం," అని మునిలక్ష్మి వంగింది. పొద్దుటి నుంచి సున్నం గోకి గోకి ఆమె కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

అప్పుడే వీధి మలుపులో ట్రాక్టరు ఆగింది. మునిలక్ష్మి తండ్రి మునిరామయ్య, వెనుక ఎనిమిది మంది, అందరి చేతుల్లో కర్రలు. వాళ్లను చూడగానే ఎందుకో తెలియకపోయినా ధనంజయ నిచ్చెన పై మెట్టుకు చేరాడు.

"యాడరా వాడు?" మునిరామయ్య దూలాన్ని దాటుకుని లోపలికి వచ్చాడు. "ఏడ్సి ఏడ్సి నా బిడ్డ కండ్లు ఎట్లయిపోయినాయో సూడండ్రా!"

"సున్నం పడింది నాయనా."

"నాతో దాచొద్దమ్మీ. యాడుండాది ఆ కొత్తది?"

"గుమ్మం ముందర పండుకోనుంటే దాటుకుంటా వస్తివే!" అంది మునిలక్ష్మి. "పదిమంది పడితే గానీ లేచేది కాదంట."

మునిరామయ్య వెనక్కి తిరిగి చూశాడు. తర్వాత మెల్లగా తల ఎత్తి, సవుకు కట్టెల మీద నిలబడ్డ మిద్దెను చూశాడు. ఎనిమిది కర్రలు ఒకటొకటిగా గోడ వారకు చేరాయి.

"పంకజాక్షి చెప్పింది," అన్నాడాయన గొంతు తగ్గించి. "బిడ్డలు లేరని వీడు నిన్ను..."

మునిలక్ష్మి ఒక్క క్షణం ఆయన మొహం చూసింది. కళ్లు తుడుచుకుంది. ఈసారి అది సున్నం కాదు. "ఆ కొస పట్టుకో నాయనా," అంది.

తన్నడానికి వచ్చినవాళ్ల కోపమంతా భుజాల్లోకి దిగినట్టుంది, దూలం ఒక్క ఊపున లేచింది. ఎలాగూ పైనే ఉన్న ధనంజయ దాని కొసను కొత్త మూలలో కూర్చోబెట్టాడు. పందిరి కింద అందరూ కడుపునిండా తిన్నారు. తిన్నాక మునిరామయ్య నడుమింట్లోకి వచ్చి పక్కగది గోడకు ఆనుకున్నాడు. ఆయన వీపు ఒత్తిడికి ఇంత సున్నం పెళ్లగా జారి పడింది. వెనకాల పక్కగది దూలం కొస కనిపించింది. ఓబయ్య సుత్తితో తట్టాడు. తప్పెట కొట్టినట్టు మోగింది.

"ఆవుల్ని పిండే యాళాయె," అంటూ మునిరామయ్య లేచాడు. ఎనిమిది మందీ ఆయనకంటే ముందే ట్రాక్టరెక్కారు.

మరుసటి వారం, పక్కగదికి తెప్పించే దూలం లారీ వచ్చే ముందురోజు, మునిలక్ష్మి పంకజాక్షి ఇంటికి వెళ్లి, తన మొగుడు ఇంకోదాన్ని కూడా తెస్తున్నాడని కళ్లు ఒత్తుకుంటూ చెప్పి వచ్చింది.