రంగు పోయిన పన్నెండు

ఆ ఉదయం గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. మేనేజరుగారి గదిలో చేపల తొట్టి మీద కప్పిన దుప్పటి తీయాలి, లైటు వేయాలి, చిటికెడు మేత చల్లాలి. పదకొండింటికి ఆయన ఊరినుంచి దిగగానే ఎదుట చేతులు కట్టుకుని నిలబడాలి. ఆయన బల్ల మీద గుమాస్తా బదిలీ కాగితం ఉంది. దాని మీద ఒక్క సంతకం పడితే, రెండేళ్లుగా వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తున్న భార్య దగ్గరికి చేరిపోవచ్చు.

తొట్టిలో ఉన్నవి పన్నెండు చేపలు. ఏవో వేడి దేశాల నదుల్లో పుట్టే జాతి. చిటికెన వేలిలో సగం పొడవు, ఒంటి మీద మెరిసే నీలి గీత, దాని కింద ఎర్ర గీత, ఎటు వెళ్లినా గుంపుగానే. మేనేజరుగారికి మనుషుల పేర్లు గుర్తుండవు గానీ ఆ పన్నెండింటి ముఖాలూ కంఠతా వచ్చు.

గుమాస్తా దుప్పటి లాగి లైటు వేశాడు. నీలం లేదు, ఎరుపు లేదు. పన్నెండూ బూడిద రంగులో, ఓ మూల ముద్దగా, కదలకుండా ఉన్నాయి.

"అటెండరమ్మా! కొంప మునిగింది!"

ఆవిడ తీరిగ్గా వచ్చి వంగి చూసింది. "అయ్యయ్యో, ఒంట్లో రక్తమే లేదు బాబూ. మా మేనమామ పోయే ముందు అచ్చం ఇదే రంగు."

"ఆయన నన్ను బతకనిస్తారా?"

"బతకనిస్తార్లే. బదిలీ మాత్రం అడక్కు."

గుమాస్తా పరుగున వీధి చివరి చేపల దుకాణానికి వెళ్లాడు. అదే జాతివి పన్నెండు కావాలన్నాడు.

"పాతవాటికి ఏమైందండీ? చీకట్లో గానీ ఉంచి..." అంటూ దుకాణదారుడు ఏదో చెప్పబోయాడు.

"కబుర్లకి టైం లేదయ్యా! ముందు కట్టివ్వు!"

తిరిగొచ్చి, టీ వడపోసే జల్లెడతో పాత చేపల్ని తొట్టి నీళ్లతో సహా మంచినీళ్ల గాజు జగ్గులోకి దింపాడు. "ఆఖరి గడియల్లో కాస్త వెలుతురైనా చూస్తాయి," అంటూ అటెండరమ్మ దాన్ని కిటికీ దగ్గరున్న బల్ల మీద పెట్టింది. అతను నల్ల సంచి విప్పి కొత్తవాటిని తొట్టిలోకి వదిలాడు.

అవీ బూడిద రంగే!

"విషం! తొట్టిలో విషం ఉంది!" గుమాస్తా నోట మాట తడబడింది. అలా అంటూ జగ్గువైపు చూశాడు, పాపం. చావబోతున్న పన్నెండూ నీలంగా, ఎర్రగా ధగధగలాడుతూ ఈదుతున్నాయి. ఏ చేపల్ని ఎక్కడ వేయాలో తోచక జల్లెడ పట్టుకుని వణుకుతుండగా, వాకిట్లో కారు హారను మోగింది. ఇంకా పది కూడా కాలేదు! చేతి తువ్వాలు జగ్గు మీద పడేసి గోడకి అతుక్కుపోయాడు.

మేనేజరుగారు వస్తూనే, "గొంతెండిపోయిందయ్యా," అంటూ జగ్గు ఎత్తారు.

"తాగకండి సార్! అందులో మీవాళ్లున్నారు!"

గుమాస్తా ఏడుపు గొంతుతో జరిగిందంతా కక్కేశాడు. మేనేజరుగారు తువ్వాలు తీసి చూశారు, తొట్టి చూశారు, పొట్ట పట్టుకుని నవ్వారు.

"చీకట్లో ఉంటే వీటికి రంగు పోతుందయ్యా. భయపడ్డా పోతుంది. కాసేపు వదిలేస్తే అదే వస్తుంది."

గుమాస్తాకి పోయిన ప్రాణం లేచొచ్చింది. మేనేజరుగారు కుర్చీలో కూర్చుని, బదిలీ కాగితం ముందుకు లాక్కుని, కలం మూత తీశారు. సంతకం పెట్టబోయి ఆగారు.

"నా చేపల కోసం ఇంతలా వణికిపోయిన మనిషిని నా సర్వీసులో చూడలేదు. పైగా ఇప్పుడు ఇరవై నాలుగయ్యాయి. నిన్ను పంపేస్తే వీటికి దిక్కెవరు?" అని ఎంతో ఆప్యాయంగా కాగితాన్ని సొరుగులో పెట్టి తాళం వేశారు.

మధ్యాహ్నానికి ఇరవై నాలుగు చేపలకూ రంగు తిరిగొచ్చింది. గుమాస్తాకి మాత్రం ఇంకా రాలేదు.