గలగలలో సున్నా ఫిర్యాదులు

మా నగర నీటి సరఫరా కార్యాలయపు ‘గలగల’ యాప్‌లో బ్రౌజరు అమర్చే పని విజయవంతంగా పూర్తయిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. సంతోషించడం నా ఉద్యోగం. కార్యాలయం తరఫున పత్రికా ప్రకటనలు రాసే గుమాస్తాను నేనే.

అంతకుముందు పరిస్థితి ఎంత ఘోరంగా ఉండేదో చెప్పాలి. కుళాయి రాని మనిషి గలగల తెరిచి ‘ఫిర్యాదు’ అన్నచోట నొక్కితే, ఫోనులోని మామూలు బ్రౌజరు అతన్ని మా వెబ్‌సైటుకు తీసుకుపోయేది. అతను అక్కడ నాలుగు ముక్కలు రాసి, ఫిర్యాదు నంబరు పుచ్చుకుని వెళ్ళిపోయేవాడు. మర్నాడు ఫిట్టరు వచ్చేవాడు, నీళ్ళు వచ్చేవి. ఆ మనిషి మళ్ళీ మా యాప్ ముఖం చూసేవాడు కాదు. ఇంత విశ్వాసం లేని జనం ఎక్కడైనా ఉంటారా?

డైరెక్టరుగారి మనసు గాయపడింది. మమ్మల్నందర్నీ గాజు బల్ల చుట్టూ కూర్చోబెట్టి, “ఇంటికొచ్చిన చుట్టాన్ని మనమే చెయ్యి పట్టుకుని పక్కింటికి పంపిస్తున్నామయ్యా! ఎవరైనా చేస్తారా ఈ పని?” అన్నారు. ఎవరూ చెయ్యరని ముక్తకంఠంతో ఒప్పుకున్నాం. ఆ మధ్యాహ్నమే రెండు ఉత్తర్వులు వెలువడ్డాయి. మొదటిది, యాప్‌లో ఏది నొక్కినా యాప్ లోపలి బ్రౌజరులోనే తెరుచుకోవలెను. రెండవది, వెబ్‌సైటుకు వచ్చినవారిని వచ్చినట్టే యాప్‌కు పంపవలెను. ఫిర్యాదుల ఫోను, దాని పక్కన కూర్చునే ఆమెతో సహా, వేరే విభాగానికి బదిలీ అయింది.

రెండు ఉత్తర్వుల మీదా ఒకే సంతకం ఉండటంతో వాటి మధ్య తగాదా ఉంటుందని ఎవరికీ తోచలేదు, ప్రోగ్రామరమ్మకు తప్ప.

“సార్, ఫిర్యాదు నొక్కితే లోపలే వెబ్‌సైటు వస్తుంది. వెబ్‌సైటేమో యాప్‌కి వెళ్ళమంటుంది. యాప్‌లో మళ్ళీ ఫిర్యాదు నొక్కాలి. జనం గానుగెద్దుల్లా తిరుగుతారు సార్.”

“తిరగనీ అమ్మా. మన ఆవరణలోనేగా తిరిగేది!” అన్నారు డైరెక్టరుగారు. ఆమెకు దూరదృష్టి లేదని ఫైలులో నమోదు చేశాం.

బ్రౌజరును మూసే ఇంటూ గుర్తు మీద మూడు సమావేశాలు జరిగాయి. అది తప్పులు దిద్దినట్టుందని ఒకరన్నారు. ఎరుపు రంగు కలవరపెడుతుందని ఇంకొకరన్నారు. చివరకు తెల్ల పేజీ మీద తెల్ల గుర్తు ఉండాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. గుర్తు లేదని ఎవరూ వేలెత్తి చూపలేరు. ఉంది.

ఫలితం వారంలోనే కనబడింది. రోజుకు మూడు వందలుండే ఫిర్యాదులు సున్నాకు వచ్చాయి. ఒక్కొక్కరు యాప్‌లో గడిపే సమయం రెండు నిమిషాల నుంచి నలభై ఒకటికి పెరిగింది. ‘నగరంలో నీటి సమస్య లేదు; ప్రజలు గలగలను వదలలేకపోతున్నారు’ అని ప్రకటన రాశాను. రెండో ముక్క అక్షరాలా నిజం.

ఆ రోజుల్లోనే డైరెక్టరుగారి ఇంటి కింది వాటాలో కుళాయి ఆగిపోయింది. అక్కడుండేది ఆయన అత్తగారు, రిటైరైన హెడ్ నర్సు. అల్లుడితో చెబితే ఆయన చేతులు జోడించారు. “అత్తయ్యగారూ, నేనే రూలు తప్పితే ఊరేమంటుంది? యాప్‌లో పెట్టండి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు.”

ముప్ఫై ఏళ్ళు వార్డు నడిపిన మనిషికి క్రమశిక్షణ ఒకరు నేర్పాలా? కళ్ళజోడు తుడుచుకుని ఫోను ముందు కూర్చున్నారు.

ఎదురింటి గుమ్మంలో, పనిముట్ల సంచీ పక్కన పెట్టుకుని, ఆ ఇంట్లోనే ఉండే మా ఫిట్టరు కూర్చుని ఉన్నాడు.

“నాయనా, కాస్త చూసిపెట్టరాదూ?” అని ఆమె కిటికీలోంచి అడిగారు.

“వాల్వు బిగుసుకుపోయింది పిన్నిగారూ, ఇక్కణ్ణుంచే తెలుస్తోంది. కానీ నంబరు లేనిదే పానా ముట్టుకోకూడదని సర్క్యులరు. మీరు నంబరు తెచ్చుకోండి, రెండు నిమిషాల పని.”

నంబరు కోసం అతనూ ఫోను చూస్తూ కూర్చున్నాడు. సందుకు ఈ పక్క ఆమె, ఆ పక్క అతను, మధ్యలో వాల్వు. అయిదు రోజులు గడిచాయి. ఆమె మాత్రలు పాలతో మింగుతున్నారని విన్నప్పుడు నాకు సిగ్గేసింది. ప్రకటనలో సిగ్గుకు చోటు ఉండదు కాబట్టి రాయలేదు.

ఆరో రోజు గలగలకు ఉత్తమ యాప్ పురస్కారం వచ్చింది. యాప్‌లో అందరికంటే ఎక్కువసేపు గడిపినవారికి కూడా బహుమతి ఉంది. ముప్ఫై తొమ్మిది గంటలు గడిపిన ఫోను నంబరును కంప్యూటరే ఎంచుకుంది. ఆ నంబరు చదవగానే డైరెక్టరుగారి అత్తగారు ఖాళీ బకెట్టుతో వేదికెక్కారు. ఏదో సందేశాత్మకంగా ఉందని సభ మెచ్చుకుంది.

“ఈ ఫలకం నాకెందుకు బాబూ?” అన్నారు ఆమె మైకులో. “స్నానం చేసి ఆరు రోజులైంది. ఇందులోంచి బయటికి రావడం ఎలాగో చెప్పండి, అది చాలు.”

డైరెక్టరుగారు తడబడలేదు. “విన్నారా! ఆరు రోజులుగా మన యాప్‌లోంచి బయటికి రాలేకపోయారు! ఇంతకు మించిన యోగ్యతాపత్రం ఏం కావాలి?”

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఎవరో వేదిక మీది సీసాలోని నీళ్ళు ఆమె బకెట్టులో పోసి ఫొటో తీశారు. బకెట్టు అడుగు కూడా తడవలేదు.

ఆ సాయంత్రం ఆమె ఆ బకెట్టుతోనే సందులోకి వస్తుంటే ఫిట్టరు చూశాడు. ఫోను గుమ్మం మీద పెట్టేసి, లేచి వెళ్ళి వాల్వు తిప్పాడు. నీళ్ళొచ్చాయి. నంబరు లేని మరమ్మతు చేసినందుకు మర్నాడే అతనికి మెమో ఇచ్చాం. సంజాయిషీ మూడు రోజుల్లోగా యాప్ ద్వారా మాత్రమే ఇచ్చుకోవలెను. అతనింకా అందులోనే తిరుగుతున్నాడు.

ఆ సభలో నేనూ చప్పట్లు కొట్టాను. మా ఇంట్లో కుళాయి ఆగి అప్పటికి తొమ్మిది రోజులు. పక్క కుర్చీ ఆయన ఇంట్లో పదకొండట, చప్పట్లు ఆపకుండానే నా చెవిలో చెప్పాడు. మీ ఇంట్లో నీళ్ళు వస్తున్నాయా? రాకపోయినా ఎవరితోనూ అనకండి. ఎంతో కష్టపడి తెచ్చుకున్న సున్నా, పాడైపోతుంది.